టీవీ ఆలస్యం

ఆ రెండు మాటలూ రాసింది నేనే. పెట్టె ముందువైపు అంకెలు కనబడే చిన్న తెర ఉంది. దాని కింద తెల్ల కాగితం ముక్క అంటించి, నల్ల ఇంకుతో 'టీవీ ఆలస్యం' అని రాశాను. అక్షరాలు గుండ్రంగా కుదిరాయని కాస్త మురిసిపోయాను కూడా. మా తమ్ముడి చేతులు పోవడంలో ఆ కాగితం ముక్క వాటా ఎంతో డాక్టరు గారు చెప్పలేదు. ఆయనకి దాని సంగతి తెలియదు. నాకు తెలుసు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

మా నాన్న వీరభద్రం గారికి కాకినాడ జగన్నాథపురంలో టీవీల రిపేరు షాపు ఉండేది. ఆ షాపుకి ఒకటే నియమం. ఎవరైనా వచ్చి బొమ్మ వణుకుతోందనో, మనుషులు పచ్చగా కనబడుతున్నారనో అంటే వాళ్ల కళ్లని అనుమానించకూడదు. ముందు పెట్టె వెనక మూత విప్పాలి. "తప్పు పెట్టెలో ఉంటాదమ్మా, మనిషిలో ఉండదు. అలా అనుకుని మొదలెడితేనే రిపేరు కుదురుతాది" అనేవారు. నేనూ, నాకంటే నాలుగేళ్లు చిన్నవాడైన కాశీ, ఆ మాటలు వింటూ, టంకం పొగ పీలుస్తూ పెరిగాం. మాకు పలకా బలపం కంటే ముందు స్క్రూడ్రైవరు తెలుసు.

ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్లీ రాని వీడియో గేమ్ ఒకటి షాపులో ఉండిపోయింది. రెండు కంట్రోలర్లు, ఒకే ఒక్క క్యాసెట్. క్యాసెట్ మీద కాగితం చిరిగిపోయి ఆట పేరు తెలియలేదు. తెర మీద ఒక పొట్టి మనిషి చేతిలో దీపం పట్టుకుని గుహ వాకిట్లో నిలబడి ఉంటాడు. బటన్ నొక్కితే పరుగు మొదలెడతాడు, ఇక ఆగడు. మళ్లీ నొక్కితే గెంతుతాడు. దారంతా గోతులు. తెర పైన దీపంలో నూనె ఎంతుందో చూపించే గీత ఒకటి తరిగిపోతూ ఉంటుంది. గోతిలో పడినా, నూనె అయిపోయినా దీపం ఆరిపోతుంది. మేం వాడికి దీపాలోడని పేరు పెట్టుకున్నాం.

అది ఇద్దరాడే ఆటే గానీ ఇద్దరూ ఒకేసారి ఆడేది కాదు. మొదటివాడి దీపం ఆరిపోతేనే రెండోవాడి వంతు. మొదటి కంట్రోలర్ ఎప్పుడూ కాశీదే. పెద్దది కాబట్టి తమ్ముడికి ఇచ్చేసిందని అమ్మ ఊరంతా చెప్పుకునేది. నిజానికి వాడు రక్కి లాక్కున్నాడు. వాడు పడేవాడు కాదు, నా వంతు వచ్చేది కాదు. రెండో కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని 'పడరా, పడరా' అని గొణుక్కునేదాన్ని. వాడికి వినబడేది. విని మరీ ఇంకో గొయ్యి దాటేవాడు.

ఏడో గుహ చివర ఒక గొయ్యి ఉంది. అంచు మీద కాలు పడిన క్షణంలోనే గెంతాలి. రెప్పపాటు ముందు గెంతినా, వెనక గెంతినా అంతే సంగతులు. కాశీ ఏడో తరగతిలో ఉండగా దాన్ని దాటాడు. ఆ తర్వాత ఎప్పుడు కావాలంటే అప్పుడు దాటేవాడు. టీవీలు పట్టుకుని వచ్చినవాళ్లు కూడా పని మర్చిపోయి నిలబడి చూసేవాళ్లు.

పెద్దయ్యాక కాశీ మునిసిపల్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారయ్యాడు. నేను ఒక ఇంజనీరింగు కాలేజీలో కృత్రిమ చేతులు తయారుచేసే ల్యాబ్‌లో చేరాను. కాశీ పెళ్లాం హైమ గోడకి తగిలించే పెద్ద టీవీ కొన్న వారంలోనే, వాడు అటక మీద నుంచి పాత ఆట దింపాడు. ఆ వేళ నేను వాళ్లింట్లోనే ఉన్నాను. వాడు మూడో గుహ కూడా దాటలేదు. పదిసార్లు ఆడాడు, పదిసార్లూ పడ్డాడు.

"ముసలోణ్ణయిపోయానక్కా. చెయ్యి రావట్లేదు" అన్నాడు.

"చెయ్యి కాదురా, టీవీ" అన్నాను.

అప్పుడు నేనన్నది నిజమే. నా ఖర్మ అక్కడే మొదలైంది. పాత గాజుబుడ్డి టీవీకి బొమ్మ ఎలా అందితే అలా చూపించెయ్యడమే తెలుసు. కొత్త టీవీ అలా కాదు. వచ్చిన బొమ్మని ఆపి, సాగదీసి, గరుకంతా నునుపు చేసి, రంగులు సరిదిద్ది, అప్పుడు బయటికి పంపిస్తుంది. ఆ ముస్తాబుకి కొంత సమయం పడుతుంది. మనం గోతి అంచుని చూసి బటన్ నొక్కేసరికి దీపాలోడు ఎప్పుడో గోతిలో ఉంటాడు. మర్నాడు ల్యాబ్ నుంచి వేగంగా ఫొటోలు తీసే కెమెరా తెచ్చి కొలిచాను. బటన్ నొక్కినప్పటి నుంచి బొమ్మ కదిలేదాకా తొంభై రెండు మిల్లీసెకన్లు. అంటే సెకనులో పదో వంతు కంటే తక్కువ. సీరియల్ చూసే హైమకి దాంతో పనిలేదు. కాశీ బొటనవేలికి మాత్రం తెలిసిపోయింది.

టీవీని తొందరపెట్టలేం. చేతిని తొందరపెట్టొచ్చేమో అనిపించింది నాకు.

వేలు కదపాలని మనిషి అనుకున్నాక, ఆ కబురు నరం వెంట ముంజేతి కండరానికి చేరుతుంది. కండరం బిగుసుకుని వేలు నిజంగా బటన్ మీద దిగేలోపు కాస్త వ్యవధి ఉంటుంది. చేతులు పోయినవాళ్ల కోసం మా ల్యాబ్‌లో చేసిన పట్టీ, ఆ కబురుని కండరం దగ్గరే పట్టుకుంటుంది. ఆ పట్టీకి ఒక పెట్టె జతచేశాను. వేలు దిగకముందే, నొక్కేశాడని పెట్టె ఆటకి చెప్పేస్తుంది. ఆ వ్యవధి చాలకపోతే మిగతాది కాశీ అలవాటుని బట్టి ఊహిస్తుంది. గోతికి ఎంత దూరంలో వాడి కండరం బిగుస్తుందో, ఏ గుహలో తొందరపడతాడో, ఎక్కడ తాత్సారం చేస్తాడో నెల రోజుల్లో నేర్చేసుకుంది. వాడు ఆలస్యమై పడితే పెట్టె ఒక మెట్టు ముందుకి జరుగుతుంది, తొందరపడి పడితే వెనక్కి జరుగుతుంది. ఇప్పుడు ఎంత ముందుగా నొక్కుతోందో ఆ చిన్న తెర మీద అంకెలో కనబడుతుంది.

అంకె జరిగి జరిగి తొంభై రెండు దగ్గర ఆగింది. కెమెరా చెప్పిందీ అంతే. నేను కాగితం అంటించింది ఆ రోజే.

ఆ సాయంత్రం కాశీ ఏడో గుహ దాటాడు. కంట్రోలర్ పక్కన పెట్టి, నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "పాత చెయ్యి తిరిగొచ్చేసిందక్కా" అన్నాడు. నాకు అంత సంతోషం పీహెచ్‌డీ వచ్చిన రోజున కూడా లేదు.

రెండు నెలలు పోయాక అంకె నూట ఒకటి అయింది. కేబుల్ మార్చాను. నూట పద్దెనిమిది అయింది. టీవీలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఏదో దానంతటదే మారి ఉంటుందని, మళ్లీ మొదటికి తెచ్చాను. నూట నలభై అయ్యేసరికి నాకు పంతం వచ్చింది. ల్యాబ్‌లో ఉన్న వేగమైన తెర ఒకటి మోయించుకొచ్చి పెట్టాను. అంకె ఒక్కసారిగా తొంభై ఆరుకి దిగింది. "చూశారా? తెరదే తప్పు" అని హైమకీ కాశీకీ పాఠం చెప్పాను. వాళ్లు విన్నారు. మా ఇంట్లో అలాంటి మాటని ఎవరూ కాదనరు.

ఆ కొత్త తెర ఆలస్యం నలభై ఎనిమిదే. అది నేనే ల్యాబ్‌లో కొలిచాను. పెట్టె తొంభై ఆరు చూపిస్తోంది. మిగతా నలభై ఎనిమిదీ ఎక్కడివని అడుక్కోవాలి కదా, అడుక్కోలేదు. కొలిచిన రోజు తెర చల్లగా ఉంది, ఇప్పుడు వేడెక్కింది, కరెంటు నిలకడగా లేదు, ఇలా ఏవో చెప్పుకున్నాను. చదువుకున్నవాళ్లకి కారణాలు వెతుక్కోవడం బాగా వచ్చు.

ఈలోగా ఇంట్లో వేరే సంగతులు జరుగుతున్నాయి. కాశీ చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి సమయం పడుతోంది. బోర్డు మీద చేతితో సున్నా చుడితే అచ్చం కంపాస్‌తో గీసినట్టుండే మనిషి, పిల్లల చేత గీయించడం మొదలెట్టాడు. హైమ ఒకసారి వంటింట్లో నాతో మెల్లగా అంది.

"వదినా, ఈయన నిన్న సాంబారు గిన్నె వదిలేశారు. వేడి కూడా లేదది. ఎవరికైనా చూపిద్దామా?"

ఆ పక్కవారం వాడే అడిగాడు. "అక్కా, ఏదైనా పట్టుకుందామంటే చెయ్యి కాసేపాగి వెళ్తన్నట్టుంటంది. మొద్దుబారినట్టు కూడా ఉంటంది."

వాణ్ణి కూర్చోబెట్టి పట్టీ కట్టాను. గంటసేపు ఆడించాను. పెట్టెలో లెక్క తీసి చూపించాను. "ముప్పై ఎనిమిది గోతులు. ఒక్కటీ తప్పలేదు. ఈ చేతులకి రోగమేంట్రా?"

కాశీ తన చేతులు తిప్పి చూసుకున్నాడు. నవ్వాడు. "అంతేలే. చలికేమో" అన్నాడు.

కాకినాడలో చలేమిటని నేను అడగలేదు. హైమ డాక్టరు మాట మళ్లీ ఎత్తలేదు. వాడి చేతులు బాగున్నాయనడానికి మా ముగ్గురికీ ఉన్న ఆధారం ఆ ఆట ఒక్కటే.

అంకె నూట యాభై దాటబోతున్నప్పుడు ఒక ఆదివారం నాన్న వచ్చారు. షాపు మూసేసి చాలా ఏళ్లయింది. కుర్చీలో కూర్చుని నా ఏకరువంతా విన్నారు.

"ఎన్ని తెరలు మార్చావే?"

"రెండు. కేబుళ్లు నాలుగు."

"అయితే నా పెట్టె పెట్టి చూడు" అన్నారు. అని ఊరుకోలేదు. ఆటోలో జగన్నాథపురం వెళ్లి, తన గదిలో దాచుకున్న పద్నాలుగు అంగుళాల గాజుబుడ్డి టీవీ పట్టుకొచ్చేశారు. తుడిచి, తీగలు తగిలించి, యాంటెన్నా మూతి మీద వేలితో రెండు తట్లు తట్టారు. బొమ్మ వచ్చింది.

"దీన్లో ఆలస్యం ఎంతుండాలి?"

"సున్నా" అన్నాను. "పెట్టె మీద అంకె ఇప్పుడు దిగిపోతుంది, చూడండి."

కాశీ పట్టీ కట్టుకుని ఆడాడు. మొదట దీపాలోడు మరీ ముందుగా గెంతి వరసగా పడ్డాడు. పడిన ప్రతిసారీ అంకె తగ్గింది. నూట నలభై. నూట ఇరవై. నూట పది. నేను సున్నా కోసం చూస్తున్నాను. నూట రెండు దగ్గర దీపాలోడు పడటం మానేశాడు. గోతి తర్వాత గొయ్యి దాటుకుంటూ పోయాడు. అరగంటైనా అంకె కదల్లేదు. దాని కింద నా గుండ్రటి అక్షరాల్లో 'టీవీ ఆలస్యం' అని ఉంది.

నాన్న లేచి టీవీ అటు తిప్పారు. అవసరం లేకపోయినా వెనక మూత విప్పారు. లోపలికి చాలాసేపు చూశారు. మళ్లీ మూత పెట్టి ఒక్కొక్క స్క్రూ బిగించారు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"పెట్టెలో తప్పు లేదమ్మా" అన్నారు.

ఆయన నోట ఆ మాట నేను అంతకుముందెప్పుడూ వినలేదు. కాశీ కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని చేతుల వంక చూసుకుంటున్నాడు. హైమ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా ఎవరం కదల్లేదు.

విశాఖపట్నంలో డాక్టరు గారు నిమ్మళంగా చెప్పారు. నరాల మీద పూత ఒకటి ఉంటుంది. అది ఉంటేనే కబురు వేగంగా వెళ్తుంది. కాశీ ఒంట్లో ఆ పూత అరిగిపోతోంది. మొదట కబురు నెమ్మదిస్తుంది, తర్వాత అసలు చేరదు. ముందుగా పట్టుకుంటే మందుతో ఆపొచ్చు. నరమే ఎండిపోయాక పూత గురించి చేసేదేమీ లేదు.

"ఎన్నాళ్ల నుంచి ఉంది?" అని అడిగారు.

నా దగ్గర గ్రాఫులున్నాయి. పదకొండు నెలలు, రోజురోజుకీ అంకె ఎంత పెరిగిందో పెట్టె రాసిపెట్టింది. బల్ల మీద పరిచాను. ఆయన ఆశ్చర్యపోయారు.

"మా దగ్గర కూడా ఇంత వివరంగా రాదండి. ఇదిగో, ఇక్కడే మొదలైంది. ఈ రెండో నెలలో, మూడో నెలలో తీసుకొచ్చి ఉంటే..." అని నా మొహం చూసి ఆపేశారు. కాసేపటికి, "ఇది దేనికోసం తీశారు?" అన్నారు.

"టీవీ కోసం" అన్నాను.

కాశీ నా భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాడు. ఆ చెయ్యి రావడం నాకు కనబడింది. వచ్చేసరికి నేను తల పక్కకి తిప్పేసుకున్నాను.

మందులు వాడాం. నాలుగు నెలలు ఆసుపత్రికీ ఇంటికీ తిరిగాం. కాశీ స్కూలు మానేశాడు. అన్నం హైమ కలిపి పెడుతోంది. నాకు చేతనైంది ఒక్కటే కనబడింది. పెట్టెకి ఇంకా తెలివి నేర్పాను. వాడి కబురు ఎంత బలహీనంగా వచ్చినా, ఎంత ఆలస్యంగా వచ్చినా ఆట ఆగకూడదు. అంకె మూడొందలు దాటింది, నాలుగొందలు దాటింది. అంత ముందుకి వెళ్లాలంటే కండరంలోంచి వచ్చేది దేనికీ చాలదు, దాదాపు అంతా పెట్టె ఊహించాల్సిందే. వాడు ఏడాదిగా ఆడిన ఆటంతా దాని దగ్గరుంది కాబట్టి ఊహ తప్పేది కాదు. రోజూ నాలుగింటికి కాఫీ అయ్యాక ఆట పెట్టేదాన్ని. దీపాలోడు ఏడో గుహ చివరి గొయ్యి దాటేవాడు. నేను చప్పట్లు కొట్టేదాన్ని. ఇదొక్కటైనా వాడికి మిగిల్చానని లోపల చెప్పుకునేదాన్ని. కాగితం పీకేద్దామని చాలాసార్లు గోరు పెట్టాను గానీ పీకలేదు. పీకితే నేను తప్పించుకున్నట్టవుతుందనిపించింది.

ఆ రోజుల్లోనే ల్యాబ్‌లో సత్తిబాబు అనే ఆయన మా కృత్రిమ చెయ్యి పెట్టించుకున్నాడు. ఉప్పాడలో చేపల వేటకెళ్లే మనిషి. పడవ ఇంజన్లో కుడిచెయ్యి పోయింది. పెట్టెలో ఉన్న ఊహించే తెలివినే ఆ చేతికీ పెట్టాం. నెల తర్వాత వచ్చాడు.

"ఎలా ఉందండీ?" అని అడిగాను.

"బానే ఉందండి. కాపోతే ఇది నాకంటే ముందే గలాసు పట్టేసుకుంటందండి. నేనింకా తాగుదావా వద్దా అనుకుంటానే ఉన్నానండి."

అందరం నవ్వాం. నేను పుస్తకంలో 'చాలా వేగంగా స్పందిస్తోంది' అని రాసుకున్నాను.

ఆ మర్నాడు కాశీ ఏడో గుహ దాటాక నేను చప్పట్లు కొట్టబోతుంటే వాడు ఆపాడు.

"అక్కా. నేను గెంతలేదు."

"ఏంటి?"

"చివరి గొయ్యి దగ్గర గెంతొద్దనుకున్నాను. వేలు కూడా తీసేశాను. వాడు గెంతేశాడు."

పెట్టె సంచిలో పెట్టుకుని ల్యాబ్‌కి వెళ్లాను. ఏ గోతి దగ్గర కండరం నుంచి కబురు ఎప్పుడొచ్చిందో, పెట్టె ఎప్పుడు నొక్కిందో పక్కపక్కన పెట్టి చూశాను. చాలాచోట్ల గొయ్యి దాటేశాక కబురు వచ్చింది. కొన్నిచోట్ల అసలు రాలేదు. పంతొమ్మిది రోజుల వెనక నుంచి, చివరి గొయ్యి దగ్గర ఒక్కరోజు కూడా రాలేదు. నాలుగు రోజులైతే మొదటి గుహ నుంచి ఏడో గుహ దాకా కబురే లేదు. పరుగు మొదలెట్టిన ఆ ఒక్క నొక్కే కాశీది. మిగతా ఆటంతా పెట్టె ఆడుకుంది, నేను దానికి చప్పట్లు కొట్టాను.

తిరిగి ఇంటికి వెళ్లి వాడి మంచం పక్కన కూర్చున్నాను.

"పంతొమ్మిది రోజుల్నించి తెలుసు నీకు."

"ఊఁ."

"మరి చెప్పవేంట్రా?"

"నువ్వు అంత సంబరపడతన్నావు. ఎలా చెప్పను?"

నాకు ఏడుపొచ్చింది. వాడి ఎదుట ఏడవకూడదని డాక్టరు గారి గదిలో ఒట్టు పెట్టుకున్నాను, అది కాస్తా పోయింది. వాడు ఊరుకోమనలేదు. కాసేపు ఏడవనిచ్చి అప్పుడన్నాడు.

"పెట్టె తీసెయ్యక్కా. నాన్న టీవీ పెట్టు. ఊరికే ఆడదాం."

"తీసేస్తే మొదటి గొయ్యి కూడా దాటలేవురా."

"దాటలేను."

"దాటలేకపోతే ఇంక ఆడటమెందుకు? నీకేం మిగులుతుంది?"

"పడతాను" అన్నాడు. "పడితే నేనే పడ్డానని తెలుస్తది కదా. ఇప్పుడు గెలిచినా నాకేం తెలవట్లేదు. సినిమా చూస్తన్నట్టుంది." ఊపిరి కోసం ఆగాడు. ఆ మధ్య రెండు మాటలకోసారి ఆగాల్సి వస్తోంది. "అయినా నీ వంతొచ్చి ఎన్నాళ్లైందో చెప్పు."

ఏడాది పైనే. పెట్టె వచ్చాక నా వంతు రాలేదు. ఒక్కరాడే ఆటే పెడుతూ, ఇద్దరాడేది పెట్టడమే మానేశాను. నాకు ఆ సంగతి తట్టనే లేదు, వాడు మాత్రం గుర్తుపెట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నాన్న టీవీ తెచ్చారు. ఈసారి మూత విప్పలేదు. ముంజేతి పట్టీ నేను విప్పాను. రోజూ కట్టినచోట చర్మం తెల్లగా ముడతపడి ఉంది. హైమ వాడి ఒళ్లో దిండు వేసి, దాని మీద మొదటి కంట్రోలర్ పెట్టి, బొటనవేలు తీసి బటన్ మీద ఉంచింది. తీగ నేరుగా ఆటలోకి వెళ్తోంది, మధ్యలో ఏమీ లేదు. నేను రెండో కంట్రోలర్ తీసుకుని పక్కన కూర్చున్నాను.

దీపాలోడు గుహ వాకిట్లో నిలబడ్డాడు. కాశీ వేలు కదలడానికి చాలాసేపు పట్టింది. దిగింది. దీపాలోడు పరుగందుకున్నాడు.

మొదటి గుహలో మొదటి గొయ్యి ఆ ఆటలోకెల్లా చిన్నది. షాపుకొచ్చినవాళ్ల చంటిపిల్లలు కూడా దాటేసేవారు. నేను చిన్నప్పుడు వాడి పక్కన కూర్చుని 'పడరా' అని గొణిగినదాన్ని, ఇప్పుడు పళ్లు బిగబట్టి 'దాటరా, దాటరా' అనుకుంటున్నాను. వాడి బొటనవేలి గోరు తెల్లబడింది. మెడ దగ్గర నరం బిగుసుకుంది. దీపాలోడు అంచు దాకా వచ్చాడు, అంచు దాటాడు, పడ్డాడు. దీపం ఆరిపోయింది. ఆ తర్వాత వేలు దిగింది. తెర నల్లగా ఉండగా బటన్ టక్కుమన్న చప్పుడు అందరికీ వినబడింది.

రెండోవాడి వంతని తెర మీద రెండు అంకె వచ్చింది.

కాశీ మొహంలో అంత తృప్తి చూసి ఎన్ని నెలలైందో. చెమట కారుతోంది. "అది నాదే" అన్నాడు హైమతో. "ఆలస్యంగానైనా నొక్కాను. చూశావా?"

"చూశానండి" అంది హైమ. చెంగుతో వాడి మొహం తుడిచింది.

"నీ వంతక్కా" అన్నాడు.

నేను నొక్కాను. కళ్లల్లో నీళ్లకి గొయ్యి ఎక్కడుందో కనబడక నేనూ అందులోనే పడ్డాను. నాన్న నవ్వారు. కాశీ నవ్వబోయి దగ్గాడు. మళ్లీ వాడి వంతు వచ్చింది. ఒక్కొక్కరికి మూడేసి దీపాలు. ఆ మధ్యాహ్నమంతా ఆ ఒక్క గోతి దగ్గరే గడిచింది. ఎవరం దాటలేదు. వాడు పడిన ప్రతిసారీ నా వంతు వచ్చింది.

అలా పదహారు రోజులు ఆడాం. శ్రావణమాసంలో కాశీ పోయాడు. ఊపిరి తీసుకోమని చెప్పే కబురు కూడా చేరడం మానేసింది. నేను వాడి చెయ్యి పట్టుకునే ఉన్నాను. వాడు నొక్కాడేమో నాకు తెలియదు. నొక్కి ఉంటే ఆ నొక్కు నా దాకా రాలేదు.

పెట్టె ల్యాబ్‌లో నా బీరువాలో ఉంది. కాగితం ముక్క దాని మీదే ఉంది. వాడి ఆటంతా అందులో ఉంది. తీగ తగిలిస్తే చాలు, దీపాలోడు ఏడు గుహలూ దాటతాడు, కాశీ తొందరపడేచోట తొందరపడి, తాత్సారం చేసేచోట తాత్సారం చేసి. పెద్దకర్మ అయ్యాక హైమ ఒకసారి అడిగింది. "వదినా, ఒక్కసారి పెట్టి చూపిస్తారా?" కాదనలేక బీరువా దాకా వెళ్లాను. తాళంచెవి చేతిలోనే ఉంది. వాడు గెంతొద్దనుకున్న రోజున అది గెంతిందని గుర్తొచ్చి తిరిగొచ్చేశాను. హైమకి ఏ సాకూ చెప్పలేదు, ఉన్నమాటే చెప్పాను. ఆమె మళ్లీ అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నాలు నాన్న దగ్గరికి వెళ్తాను. గాజుబుడ్డి టీవీ ఆయన గదిలో ఉంది. ఇద్దరాడే ఆటే పెడతాను. మొదటి కంట్రోలర్ కాశీ కూర్చునేచోట పెడతాను. మొదటి వంతు వాడిది. దీపాలోడు దీపం పట్టుకుని గుహ వాకిట్లో నిలబడతాడు, కదలడు. పైన నూనె గీత తరుగుతూ ఉంటుంది. పూర్తిగా అయిపోవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. నేను చెయ్యి చాపి ఆ బటన్ ఒక్కసారి నొక్కితే వాడు పరిగెత్తి గోతిలో పడిపోతాడు, నా వంతు వెంటనే వచ్చేస్తుంది. నేను దాన్ని ముట్టుకోను. నాన్నా నేనూ చూస్తూ కూర్చుంటాం. నూనె అయిపోయి, దీపం ఆరిపోయి, తెర మీద రెండు అంకె వచ్చాక నా కంట్రోలర్ చేతిలోకి తీసుకుంటాను.